బేరంలో తిట్టిన తుపాకి

పర్చేజ్ ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. టీ పెట్టిస్తాను, వాళ్ళు చెప్పేది వింటాను. "ఆంటీ, ఇప్పుడంతా ఆన్‌లైన్. కొటేషన్లు తెప్పిస్తాం, తక్కువున్నదానికి టిక్కు పెడతాం. బేరమాడటం పాతకాలం ముచ్చట" అంటారు. నవ్వి ఊరుకుంటాను. పోయినసారి మాత్రం ఒకమ్మాయి టీ గ్లాసు కింద పెట్టి, "మీరు బేరం వల్లనే పెద్ద దెబ్బ తిన్నారంట కదా, అదే, తుపాకి విషయంలో?" అని అడిగింది. ఎవరో చెప్పారన్నమాట. చెప్పినవాళ్ళు సగమే చెప్పారు. మిగతా సగం నేను రాస్తున్నాను. ఇందులో పశ్చాత్తాపం ఎక్కడుందా అని వెతక్కండి, దొరకదు.

మాది తెనాలి. నాన్నది స్టీలు సామాన్ల కొట్టు, మేనత్తది గాజుల కొట్టు, బాబాయిది ఫ్యాన్సీ కొట్టు. మా ఇంట్లో అన్నానికి పిలిచినా "ఏం కూర చేశావో చెప్తే వస్తా" అని బేరం పెట్టేవాళ్ళం. బేరానికి మా బజార్లో ఒక పద్ధతి ఉండేది. కావలసిన వస్తువును తిట్టాలి. అక్కర్లేనిదాన్ని మెచ్చుకోవాలి. ధర దగ్గర పడుతోందనగా లేచి బయటికి నడవాలి. వెనక్కి తిరిగి చూడకూడదు. చూశావా, పోయావు. కొట్టువాడే పిలవాలి. దీన్ని మోసం అనకండి, ఇదొక భాష. కౌంటరుకు ఇటున్నవాళ్ళకీ తెలుసు, అటున్నవాళ్ళకీ తెలుసు. "ఈ గిన్నె ఏందయ్యా ఇట్టా ఉంది, ముంతకు తక్కువ, చెంబుకు ఎక్కువ" అని ఏ తల్లయినా తిట్టిందంటే నాన్న మాట్లాడకుండా ఆ గిన్నెనే పాత పేపర్లో చుట్టడం మొదలుపెట్టేవాడు.

మా చెల్లెలు నర్సు. దాని వెంట వచ్చి దుబాయ్‌లో పడ్డాను. దుబాయ్ అంటే మనవాళ్ళ లెక్కలో దుబాయ్, నిజానికి షార్జా. రోలాలో కాపురం, ఇండస్ట్రియల్ ఏరియాలో ఉద్యోగం. ఎగ్జిబిషన్లకూ ప్రదర్శనలకూ సామాన్లు తయారుచేసే వర్క్‌షాపు అది. కోట తలుపు అడిగితే కోట తలుపు, పాతకాలపు పడవ అడిగితే పడవ. నేను అందులో పర్చేజర్‌ని. మేకుల దగ్గర్నుంచి ఒంటె బొమ్మ కనుగుడ్ల దాకా అన్నీ కొన్నాను. తెలుగు ఆడమనిషి, మెడలో సిలువ, చేతిలో బ్యాగు. చూసినవాళ్ళంతా నన్ను కూడా నర్సే అనుకుని సిస్టర్ అని పిలిచారు. కాదని చెప్పీ చెప్పీ విసుగొచ్చి వదిలేశాను. సిస్టర్ అంటే కొట్టువాళ్ళు కుర్చీ వేస్తారు. అదీ లాభమే.

ఈ సంగతి కరోనా సద్దుమణిగిన తర్వాతి వేసవిలో జరిగింది. మా వుడ్ సెక్షన్‌లో అంతకు ముందు మనుషులు కిటకిటలాడేవాళ్ళు. కరోనాలో కొందరు వెళ్ళిపోయారు, కొందర్ని పంపేశారు. రంపం మిషన్లు మిగిలాయి, వాటితోపాటు నెల్లూరాయన ఒక్కడు మిగిలాడు. అందరికీ ఆయన భాయ్. చెక్కను చూసి మాట్లాడినంత బాగా మనుషుల్ని చూసి మాట్లాడలేడు. మా ముదీర్, అంటే మేనేజరు, అదే ఏడాది ఫోమ్ కోసే కొత్త మిషన్ తెప్పించాడు. ఏ ఆకారం కావాలన్నా కంప్యూటర్లో పెడితే కోసేస్తుంది, పైన రంగు కొడితే చెక్కలాగే ఉంటుంది. "ఈ సీజన్ చూస్తాను. కొత్త పని రాకపోతే వుడ్ సెక్షన్ ఖలాస్" అని ఆయన అందరి ముందే అన్నాడు. సెక్షన్ అంటే భాయే. భాయ్ వీసా కూడా ఆ చలికాలంతో అయిపోతుంది.

"ఊర్లో నన్నెవురు పనికి పిలస్తారక్కా? అన్నీ అల్యూమినియం కిటికీలేనంట ఇప్పుడు" అన్నాడు నాతో. అంతకు మించి ఏడవలేదు.

అలాంటప్పుడు ఆ తుపాకి పని వచ్చింది. రాస్ అల్ ఖైమాలో కొండ కింద ఒక పాత కోట దగ్గర, అక్కడి పాత కుటుంబమొకటి తమ పెద్దల కథను చలికాలంలో ప్రదర్శనగా వేయాలనుకుంది. ఆ ఇంటి మనవరాలే అన్నీ చూసుకుంటోంది. మేం మేడం అనేవాళ్ళం. వాళ్ళ తాతగారి తండ్రి చేతిలో ఒక తుపాకి ఉండేదట. అది ఎప్పుడో పోయింది, ఫోటో మిగిలింది. అక్కడి ముసలివాళ్ళు ఆ రకాన్ని ఉమ్ అషర్ అంటారు, అంటే పదింటి తల్లి. పది గుళ్ళు పట్టే ఇంగ్లీషు తుపాకి. ఐదు గుళ్ళు పట్టేది ఇంకొకటుంది, అది ఉమ్ ఖమ్స్, ఐదింటి తల్లి. ఆ ఇద్దరు తల్లుల్నీ కలిపేయకండి, గొడవంతా అక్కడే వచ్చింది.

నిజం తుపాకి స్టేజీ మీదికి రాకూడదు. ఒట్టి చెక్కబొమ్మ పనికిరాదు, ఎందుకంటే కథలో బోల్టు, అంటే గుండును లోపలికి తోసే ఇనుప కడ్డీ, లాగాలి, చప్పుడు రావాలి. అందుకని ఒక దారి ఉంది. గ్యాస్‌తో పనిచేసే ఎయిర్‌సాఫ్ట్ తుపాకి, అంటే ప్లాస్టిక్ గుండ్లు కాల్చే ఆటతుపాకి కొనాలి. గుండు వెళ్ళే దారి మూసేయాలి. పై తొడుగంతా ఊడదీసి, లోపలి ఇనుము మీద పాత తుపాకి ఒళ్ళు కట్టాలి. ఆటతుపాకే అయినా ఇక్కడ పోలీసు అనుమతి లేనిదే ముట్టుకోలేం. అది తెచ్చుకున్నాం. మేడం మొదట ఒక్కటి చేసి చూపించమన్నారు. నచ్చితే ప్రదర్శనకు కావలసిన తుపాకులన్నీ మా దగ్గరే చేయిస్తారు. అన్నీ వస్తే వుడ్ సెక్షన్ ఉంటుంది. లేకపోతే భాయ్ నెల్లూరు పోతాడు.

నేనూ భాయ్ ముందుగానే దుబాయ్‌లో లైసెన్సున్న కొట్టుకు వెళ్ళి, ఏమీ కొనేవాళ్ళం కానట్టు చూసొచ్చాం. రెండు కనబడ్డాయి. ఒకటి పొట్టిది, కొత్తది, నల్లగా మెరుస్తోంది. చిన్న ఉక్కు బుడ్డిలో వచ్చే కార్బన్ డయాక్సైడ్‌తో పేలుతుంది, చప్పుడు దద్దరిల్లిపోతుంది. రెండోది పొడుగుది, దుమ్ము కొట్టుకుపోయి మూలన ఉంది. దాని మ్యాగజైన్‌లో, అంటే గుళ్ళ పెట్టెలో, మెత్తని రకం గ్యాస్ నింపుతారు.

"అక్కా, పొడుగుదే" అని తెలుగులో గొణిగాడు భాయ్. "మ్యాగజైన్ కిందికి దిగింది చూడు, పదింటిది. బోల్టు పిడి ట్రిగ్గర్ పక్కనే ఉంది. ఫోటోలో దానికి ఇది తమ్ముడి వరస. మూతి దాకా చెక్క తొడిగి, ముక్కు చప్పిడి చేస్తే అదే ఇది."

"దీని చెక్క పరమ నాసిరకంగా ఉంది కదా?"

"మనం పారేసేది చెక్కనే కదక్కా. చెక్క బాగుంటే ధర చెప్తాడు. బాగాలేకపోవడం మన అదృష్టం."

గ్యాస్ సంగతి కూడా ఆలోచించాం. ఈ దేశంలో ఎండలో పెట్టిన కార్బన్ డయాక్సైడ్ బుడ్డి గోలీసోడా సీసా లాంటిది. లోపల ఒత్తిడి ఎక్కువైతే వాల్వు బిగుసుకుపోతుంది. మీట నొక్కితే టిక్కుమంటుంది, పేలదు. మెత్తని గ్యాస్ ఎండకు ఉబ్బుతుంది గానీ మాట వింటుంది. అంతా తేలిపోయింది. కొనడమే మిగిలింది.

కొనే రోజు భాయ్ వర్క్‌షాపులో ఉండిపోయాడు, ముదీర్ నాతో బయల్దేరాడు. కరోనా తర్వాత ఆయనకు ఎవరి మీదా నమ్మకం లేదు. నేను తెచ్చిన సామాను చూశాడు గానీ, నేను బేరమాడుతుంటే ఆయన ఎప్పుడూ చూడలేదు. మా బేరాలన్నీ హిందీలోనే, ఆయనకు హిందీ బాగా వచ్చు. అదే కొంప ముంచింది.

కొట్టు యజమాని బలూచీ పెద్దమనిషి. తెల్ల గడ్డం, మెల్లని మాట. కుర్చీ వేయించాడు. మూలనున్న పొడుగుదాన్ని చేత్తో ముట్టుకోకుండా గడ్డంతో చూపించాను.

"సేట్, అదేంటి?"

"ఇంగ్లీష్ మోడల్, సిస్టర్. ఒక్కటే ఉంది."

"ఒక్కటే మిగిలిందంటే ఎవరికీ అక్కర్లేదనే కదా. ఆ చెక్క చూడండి, పళ్ళబుట్టల చెక్క నయం. పొడుగు చూస్తే రోకలి. స్టేజీ మీద ఇది పట్టుకుంటే యుద్ధానికి పోతున్నాడనుకోరు, కారం దంచడానికి పోతున్నాడనుకుంటారు."

సేట్ నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. బాగా పెట్టాడు. మంచి పనివాడని నాకు అప్పుడే అర్థమైంది. ఇక పొట్టిదాన్ని రెండు చేతుల్లోకీ తీసుకున్నాను.

"తుపాకి అంటే ఇదీ! మెరుపు చూడండి, బిగువు చూడండి. పిరికివాడి చేతిలో పెట్టినా వీరుడైపోతాడు. మాకు ఇంత భాగ్యం ఎక్కడిది, మా కంపెనీ చిన్నది..."

ఇలా కాసేపు నడిచింది. సేట్ పొడుగుదాని ధర దించుతూ, పొట్టిదాని ధర ఎక్కిస్తూ వచ్చాడు. సరిగ్గా నాకు కావలసిన దారి. ఇక ఆఖరి మెట్టు. "వద్దులే సేట్, రోకలికి ఇంత ధర ఇచ్చి నేను మావాళ్ళకు మొహం చూపించలేను" అని బ్యాగు భుజాన తగిలించుకుని లేచి బయటికి నడిచాను.

పక్కనే కెఫెటేరియా. కరక్ చాయ్ చెప్పాను. కొట్టు వైపు వీపు పెట్టి నిలబడి తాగుతున్నాను. సగం గ్లాసు అయింది, పిలుపు రాలేదు. గట్టివాడే అనుకున్నాను. మనసులో మెచ్చుకున్నాను కూడా. గ్లాసు అయిపోయింది. ఇంకొకటి చెప్పాలా అని ఆలోచిస్తుంటే వెనక తలుపు చప్పుడైంది.

"సిస్టర్!"

నెమ్మదిగా, అక్కర్లేనట్టుగా తిరిగాను. పిలిచింది సేట్ కాదు, ముదీర్. చంకలో నల్లని పెట్టె.

"మబ్రూక్, శుభం! తీసుకున్నాను. నీకంత నచ్చాక ఇంక బేరమెందుకు అనిపించింది. యల్లా, వెళ్దాం."

వ్యాన్లో నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "ముదీర్, నేనన్నది బేరం మాట. నాకు కావలసింది పొడుగుది."

"సిస్టర్, నేను డమాస్కస్‌లో పుట్టాను. నాకు బేరం నేర్పుతావా? బేరమాడేవాళ్ళ సంగతి కళ్ళల్లో తెలిసిపోతుంది. నీ కళ్ళల్లో నిజమైన ప్రేమ కనబడింది."

"కళ్ళల్లో కూడా కనబడాలి, అదే పద్ధతి!"

"అయితే అద్భుతంగా చేశావు. ఇప్పుడు తీసుకున్నది తీసుకున్నాం, ఖలాస్."

ఈ మాట దగ్గరే మావాళ్ళు కథ ఆపేసి నవ్వుకుంటారు. అతితెలివి పర్చేజర్ బుద్ధిగా బయట చాయ్ తాగుతుంటే లోపల కొంప మునిగిందని. నవ్వండి. నేను కూడా నవ్వుతాను. కానీ ఒక్క మాట. బేరం తప్పలేదు. బేరం మధ్యలో చెయ్యి పెట్టినవాడు తప్పాడు. ఉడుకుతున్న అన్నాన్ని మధ్యలో దించేసి, బియ్యం బాగాలేవంటే ఎలా?

వర్క్‌షాపులో భాయ్ పెట్టె మూత తీసి, మళ్ళీ మెల్లగా మూసేశాడు.

"ఇది ఉమ్ ఖమ్స్ కదక్కా."

"అవును."

"నువ్వు ఏడికి పోయినావు?"

"బయటికి. లేచి పోతేనే కదా పిలిచేది."

"మరి పిలిచినారా?"

"పిలిచారు."

"ఎవురు?"

ముదీర్ గది వైపు గడ్డంతో చూపించాను. భాయ్ తల అటు తిప్పుకుని భుజాలు కదిలేలా నవ్వాడు. తన అన్నం పోయే విషయం మీద తనే అలా నవ్విన మనిషిని నేను ఇంకొకణ్ణి చూడలేదు.

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. పొట్టిదాని బోల్టు పిడి ముందుకుంది, మ్యాగజైన్ లోపలే దాక్కుంది, మూతి బయటికి పొడుచుకొచ్చింది. ఏ వైపు నుంచీ పదింటి తల్లి అయ్యే యోగం దానికి లేదు. పైగా బయట రేకుల కింద ఎండలో కాసేపు పెట్టి నొక్కితే టిక్. మళ్ళీ నొక్కితే టిక్. ముదీర్ దానికీ మందు చెప్పాడు. ప్రదర్శన దాకా ఏసీలో పెట్టాలట. కింద ఫోమ్‌తో ఒక పెట్టె చేసి అతికించాలట. స్టేజీ మీద దూరం నుంచి ఐదో పదో ఎవడు చూడొచ్చాడు అన్నాడు.

భాయ్ కాదనలేదు. "చెయ్యమంటే చేస్తానక్కా. కానీ ఇది చూపించి, నా చెక్కపని చూడండి, నన్ను ఉంచుకోండి అని ఎట్టా అడిగేది?"

మేడం చూడటానికి వచ్చిన రోజు ముదీర్ పొట్టిదాన్ని బల్లమీద ముఖమల్ గుడ్డ పరిచి పెట్టాడు. ఏసీ బాగా పెంచాడు. కింద ఫోమ్ పెట్టె, దానికి నల్లరంగు. మేడం ఫోటో పక్కన పెట్టుకుని చూస్తున్నారు. ఆమె మొహంలో ఏదో కుదరలేదు గానీ ఏమిటో తేల్చుకోలేకపోతున్నారు.

"మా సిస్టర్ స్వయంగా ఎంచుకున్నది" అన్నాడు ముదీర్. "కొట్టులో దీన్ని చూసి మురిసిపోయింది. అడగండి. సిస్టర్, చెప్పు."

నాకు ముందే చెప్పి ఉంచాడు, ఏం చెప్పాలో. భాయ్ గోడ పక్కన నిలబడి తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు.

"ఇది కాదు మేడం" అన్నాను.

ముదీర్ నా వైపు గిర్రున తిరిగాడు.

"మీ పెద్దాయనది ఉమ్ అషర్. ఇది ఉమ్ ఖమ్స్. కింద పెట్టె అతికిస్తే ఇంకో ఐదుగురు పిల్లలు పుట్టరు."

ముదీర్ అరబీలో గబగబా ఏదో అన్నాడు. మేడం చెయ్యెత్తి ఆపారు. "మరి మీరే ఎంచుకున్నారంటున్నారు?"

"మెచ్చుకున్నాను. ఎంచుకోలేదు. ఎంచుకున్నది వేరే."

"దాన్ని మెచ్చుకోలేదా?"

"దాన్ని రోకలి అన్నాను."

రోకలి అంటే ఏమిటో చేతులెత్తి దంచి చూపించాల్సి వచ్చింది. మేడం ముందు పెదవులు బిగబట్టారు, తర్వాత పకపకా నవ్వారు. "మా అమ్మమ్మ చేపల మార్కెట్లో ఇంతే! 'ఇది నిన్నటిది, దీని కళ్ళు చూడు, దీని వాసన చూడు' అని తిట్టిపోసేది. ఆమె తిట్టిన చేపే మాకు మధ్యాహ్నం భోజనం." ముదీర్ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. అంతలోనే మేడం నవ్వు ఆపేశారు. "రిహార్సల్‌కు మా తాతగారు వస్తారు. అప్పటికి అసలుది తయారు కావాలి. కాకపోతే నేను వేరే కంపెనీని చూసుకుంటాను."

ఆమె కారు గేటు దాటగానే ముదీర్ నా మీద విరుచుకుపడ్డాడు. "నా మొహం మీద! క్లయింట్ ముందు!"

"వ్యాన్లో మీ ఒక్కరికే చెప్పాను. మీరు వినలేదు."

మార్పిడికి కావలసిన కాగితం మీద స్టాంపు మాత్రం వేశాడు. వేరే దారి లేదు కదా. స్టాంపు బల్ల పగిలేలా కొట్టాడు.

పొట్టిదాన్ని పెట్టెలో పెట్టుకుని నేనూ భాయ్ మళ్ళీ ఆ కొట్టుకు వెళ్ళాం. దారంతా ఆలోచించి, జీవితంలో మొదటిసారి కౌంటరు ముందు నిజం చెప్పాలని నిర్ణయించుకున్నాను. అడుగు పెడుతూనే అన్నాను, "సేట్, ఆ పొడుగు తుపాకి చాలా మంచిది. నాకు అదే కావాలి."

సేట్ కళ్ళజోడు సర్దుకున్నాడు. "సిస్టర్, ఒంట్లో బాగుందా?"

నేను మూల వైపు చూశాను. అక్కడ తుపాకి లేదు, దుమ్ములో దాని పొడుగున గీత మాత్రం ఉంది. వెనక భాయ్ "యా అల్లా" అనడం వినబడింది.

"అమ్మేశారా?"

సేట్ లోపలికి వెళ్ళాడు. గుడ్డలో చుట్టిన పొడుగాటి మూట తెచ్చి కౌంటరు మీద పెట్టాడు.

"మీరు వచ్చిన రోజే లోపల పెట్టేశాను."

"ఎందుకు?"

"అంత తిట్టారు కదా. అంతలా తిట్టినవాళ్ళు తిరిగి రాకుండా ఉండరు. మీరు బయట చాయ్ తాగుతున్నారు, పిలుద్దామని లేచాను కూడా. ఇంతలో మీ ముదీర్ రెండోదాన్ని పట్టుకుని ఇది ఇచ్చెయ్ అన్నాడు. కొంటానన్నవాణ్ణి వద్దనడం మా కొట్టు పద్ధతి కాదు, సిస్టర్."

పిల్లలూ, ఇక్కడ కాసేపు ఆగండి. నా కంపెనీ, నా ముదీర్, నాతో ఒకే ఏసీ కింద ఏళ్ళు గడిపినవాళ్ళు, ఎవరికీ నా మాట అర్థం కాలేదు. అర్థమైంది ఎదుటి పార్టీకి. బేరం పాతకాలం ముచ్చట అంటారు కదా మీరు. మీ ఆన్‌లైన్లో, మీరు తిట్టారని మీ కోసం సరుకు లోపల దాచిపెట్టేవాడు ఎవడున్నాడో చెప్పండి.

ఆ తర్వాత సేట్ పొట్టిదాన్ని తిప్పి తిప్పి చూసి తిట్టడం మొదలుపెట్టాడు. మెరుపు తగ్గిందన్నాడు. కింద జిగురు మరక అన్నాడు. పిడి మీద పెన్సిలు గీత అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. అంటే తీసుకుంటాడు. తీసుకున్నాడు. పైగా గ్యాస్ కారకుండా వేసే రబ్బరు రింగులు ఊరికే ఇచ్చాడు, నేను అడక్కముందే. నేను కనీసం ఒకసారైనా లేచి వెళ్ళబోవాల్సింది, మర్యాదకైనా. ఆ రోజు కాళ్ళు రాలేదు.

భాయ్ చేసిన పనిని మాటల్లో పెట్టడం నా వల్ల కాదు. వాల్‌నట్ చెక్క నేనే వెతికి తెచ్చాను, దాన్ని ఎలా తిట్టానో ఇంకోసారి చెప్తాను. అది మూతి దాకా వెళ్ళింది, ముక్కు చప్పిడైంది, ఫోటోలో ఉన్నట్టే నడుం దగ్గర ఇత్తడి పట్టీలు పడ్డాయి. నాసిరకం చెక్కంతా ఊడి చెత్తబుట్టలో పడింది. రేకుల కింద ఎండలో పెట్టి నొక్కాం. పేలింది. ఇంకోసారి నొక్కాం. పేలింది. ఆఫీసు గాజు వెనక నిలబడి చూస్తున్న ముదీర్ లోపలికి వెళ్ళిపోయాడు.

రిహార్సల్ రోజు కోట ముందు షామియానా కింద తాతగారిని కుర్చీలో కూర్చోబెట్టారు. చాలా పెద్దవాడు. మేడం తుపాకి తెచ్చి ఒళ్ళో పెట్టారు. ఆయన బోల్టు లాగాడు, తోశాడు. మళ్ళీ లాగాడు.

"తోలుపట్టీ ఎడమవైపు ఉండాలి" అన్నాడు. అంతే. కన్నీళ్ళు పెట్టుకోలేదు, కౌగలించుకోలేదు. పట్టీ తప్పు, అంతే. కాసేపయ్యాక మాత్రం, "ఈ చెక్క ఎవరు చేశారు?" అని అడిగాడు.

"మా కంపెనీ" అన్నాడు ముదీర్.

"కంపెనీకి చేతులుంటాయా? ఎవరు?"

నేను భాయ్‌ని వెనక నుంచి ముందుకు నెట్టాను. కాస్త గట్టిగానే నెట్టాను. తూలి దాదాపు ముసలాయన కాళ్ళ మీద పడ్డాడు. మేడం అప్పుడే ముదీర్‌తో చెప్పారు, మిగతా తుపాకులన్నీ ఇతని చేత్తోనే చేయాలని.

ఇంకేముంది, సుఖాంతం అనుకుంటున్నారు కదా. మర్నాడు ముదీర్ నన్ను లోపలికి పిలిచాడు. తలుపు వేయించాడు.

"పని వచ్చింది, సంతోషం. నెల్లూరాయన ఈ పని అయ్యేదాకా ఉంటాడు. వీసా మాత్రం రెన్యువల్ చేయను. తర్వాత మిషన్ ఉంది. ఇక నీ సంగతి. క్లయింట్ ముందు నన్ను అబద్ధాలకోరును చేశావు. అది నేను మర్చిపోను."

"మర్చిపోవద్దు. నన్ను పంపించెయ్యండి."

ఆయన తలెత్తాడు.

"నిజమే కదా. మీ మాట పోయింది. అందరూ చూశారు. నన్ను పంపితే మీ పరువు మీకు వస్తుంది. కానీ ఇద్దర్నీ పంపితే, తుపాకుల కోసం ఇద్దర్నీ వాడుకుని పంపాడంటారు. మేడం చెవిన పడుతుంది. భాయ్ వీసా రెన్యువల్ మీద సంతకం పెట్టండి, నా రాజీనామా మీద సంతకం పెట్టండి. రెండూ ఒక్కసారే."

ఆయన కలం మూత తీసి, మళ్ళీ పెట్టాడు. ఇంత పాత మనిషిని వదులుకోవడం కష్టమేనన్నాడు. నేను కళ్ళు దించుకుని, బాధపడుతున్నట్టు కూర్చున్నాను. చివరికి రెండింటి మీదా సంతకం పెట్టాడు. మంచి బేరం కుదిరిందన్న తృప్తి ఆయన మొహంలో నాకు స్పష్టంగా కనబడింది.

దీన్ని త్యాగం అనుకుని నా మీద అభిమానం పెంచుకోకండి. కొద్దినెలల్లో వయసు రీత్యా నేను ఎటూ దిగిపోయేదాన్నే. ఆయన ఆ సంగతి మర్చిపోయాడు. కాలం చెల్లబోయే మందు మీద తేదీ చూడకుండా కొన్నాడు. మా బజార్లో అయితే అది కొన్నవాడి తప్పే.

ఆ మధ్యాహ్నమే, సంతకం ఆరకముందే భాయ్‌ని వీసా ఫారాలు కొట్టే టైపింగ్ సెంటరుకు లాక్కెళ్ళాను. అద్దం అవతల గుమాస్తా పాత వీసా చూసి టకటకా కొడుతున్నాడు. "వృత్తి, ఆమిల్" అని పైకి చదివాడు. ఆమిల్ అంటే కూలీ. ఇన్నేళ్ళూ భాయ్ కాగితాల్లో కూలీయే. ఎవరూ చూసుకోలేదు. ఆయనే చూసుకోలేదు.

"కూలీ కాదు. నజ్జార్ అని కొట్టు" అన్నాను.

"కంపెనీ కాగితంలో ఏముందో అదే కొడతాను సిస్టర్."

"కంపెనీ కాగితం నేను రాయించిందే. కిందికి చూడు, ఏముందో."

చూశాడు. గొణుగుతూ పాతది చెరిపేసి కొత్తగా కొట్టాడు. నజ్జార్. వడ్రంగి.

భాయ్‌కి ఇంగ్లీషు రాదు, తెలుగు కూడబలుక్కుంటాడు. కానీ అరబీ అక్షరాలు చిన్నప్పుడు మసీదులో నేర్చుకున్నాడు. లేచి, అద్దం సందులోంచి చెయ్యి దూర్చి, కంప్యూటర్ తెర మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం తడుముకున్నాడు. "నూన్... జీమ్... అలిఫ్... రే."

"ఏయ్! స్క్రీన్ మీద వేలు పెట్టొద్దు!" అని గుమాస్తా కసిరాడు.

"పెడతాడు" అన్నాను నేను.